వినిపించని చెవి... ఆగని కలం

చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చిన్న వయసులోనే వినికిడి తగ్గిపోయింది. పదిహేనేళ్లకే పిల్లలకి పాఠాలు చెప్పి సంపాదించడం మొదలుపెట్టింది. కవిత్వంతో పేరు తెచ్చుకుంది, మగవాడి పేరు పెట్టుకుని డిటెక్టివ్ నవల రాసింది, కరెంటు ప్రాజెక్టు కట్టేచోట కాపురం ఉండి మరో నవల రాసింది. లెనిన్ గారి నాయనమ్మ ఎవరో చెప్పినందుకు చీవాట్లు తిన్నది, చివరికి అదే లెనిన్ పేరుమీద ఉన్న బహుమతి అందుకుంది. తొంభయ్యేళ్ల వయసులో ఆత్మకథ ముగించింది. పుట్టుకతో ఆర్మేనియన్, రాసింది రష్యన్‌లో. ఆవిడే మరియెట్టా షాగిన్యాన్.

సంతకం లేని ఉత్తరం

1912 ఫిబ్రవరి. రష్యాలో అప్పటికే గొప్ప సంగీతకారుడిగా పేరు మోగిపోతున్న సెర్గీ రఖ్మానినోవ్‌కి ఒక ఉత్తరం వచ్చింది. అభిమానుల ఉత్తరాలు ఆయనకి కొత్తేమీ కాదు. కానీ ఈ ఉత్తరం కింద పేరు లేదు. 'రె' అని ఒక్క అక్షరం ఉంది, అంతే. మన సరిగమల్లో 'రి' ఎలాగో పాశ్చాత్య సంగీతంలో 'రె' అలాగన్నమాట.

పైకి ఎంత పేరున్నా రఖ్మానినోవ్‌కి లోపల తనమీద తనకి నమ్మకం తక్కువ. కొత్త పోకడల వాళ్లు ఆయన సంగీతాన్ని పాతచింతకాయ పచ్చడిలా తీసిపారేస్తున్న రోజులవి. ఆ ఉత్తరం రాసిన మనిషికి ఆ సంగతి ఎలాగో పట్టుబడింది. పొగడ్తలతో సరిపెట్టకుండా ఆయనకి ధైర్యం చెప్పింది. ఆయన జవాబు రాశాడు. అలా ఉత్తరాలు నడిచాయి. కొన్నాళ్లకి, తన పాటలకి తగిన కవితలు వెతికిపెట్టమని ఆయనే ఆమెని అడిగాడు. ఆమె పుస్తకాలన్నీ గాలించి, కవితలు ఎంచి, కాపీ చేసి పంపింది. ఆ ఏడాది ఆయన కట్టిన పాటల సంపుటంలో చాలావాటికి సాహిత్యం ఆమె ఎంపికే. అందులో మొదటి పాట 'మ్యూజ్'. దాన్ని ఆయన అంకితమిచ్చింది ఈ 'రె'కే.

ఇంతకీ ఆ 'రె' వయసు అప్పటికి ఇరవైమూడు, ఇరవైనాలుగు. పేరు మరియెట్టా. ఇక్కడ అసలు విషయం చెప్పాలి. సంగీతాన్ని అంతగా ప్రేమించిన ఆ అమ్మాయికి వినికిడి సరిగా లేదు. కాలం గడిచేకొద్దీ అది ఇంకా తగ్గింది. పాట వినాలంటే ముందు వరస కుర్చీ వెతుక్కోవాల్సిన మనిషి, ఒక మహా సంగీతకారుడికి పాటలు ఏరి పెట్టిందంటే ఏమనాలి చెప్పండి!

డాక్టరుగారి అమ్మాయిలు

మరియెట్టా 1888లో మాస్కోలో పుట్టింది. తండ్రి డాక్టరు, మాస్కో యూనివర్సిటీలో పాఠాలు కూడా చెప్పేవాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది మరియెట్టా, చిన్నది మగ్దలీనా. ఇంట్లో అందరూ లీనా అనేవారు. తరవాతి రోజుల్లో ఆమె చిత్రకారిణి అయింది. చదువు, పుస్తకాలు, సంగీతం... దేనికీ లోటు లేని ఇల్లు.

మరియెట్టాకి పద్నాలుగో ఏడు వచ్చేసరికి అంతా తారుమారైంది. 1902లో తండ్రి పోయాడు. ఇంటి పెద్ద పోతే మధ్యతరగతి ఇల్లు ఎలా కుదేలవుతుందో మనకి తెలియనిది కాదు. ఆ బాధ ఏ దేశంలోనైనా ఒకటే. తల్లి పిల్లలని తీసుకుని దక్షిణాదిన ఉన్న నఖిచెవాన్‌కి, తన పుట్టింటివైపు వాళ్ల దగ్గరికి చేరింది.

ఈ నఖిచెవాన్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. దాన్ నది ఒడ్డున రాస్తోవ్ పక్కనే ఉండేది ఆ ఊరు. క్రిమియాలో ఉన్న ఆర్మేనియన్లని 1779లో కేథరిన్ మహారాణి అక్కడికి తరలించి ఊరు కట్టుకోనిచ్చింది. రష్యా నడిబొడ్డున ఒక చిన్న ఆర్మేనియా లాంటిది. 1928లో రాస్తోవ్‌లో కలిసిపోయింది. ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాష. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకే తెలుస్తుంది ఆ జీవితం. మరియెట్టా రష్యన్‌లోనే రాసింది. కానీ ఆర్మేనియన్‌ని అన్న సంగతి ఏనాడూ మర్చిపోలేదు.

బంధువుల పంచన ఉండటం ఎంత ఆదరంగా ఉన్నా చివుక్కుమనే క్షణాలు తప్పవు. అక్కాచెల్లెళ్లు చదువుకోసం మళ్లీ మాస్కో వెళ్లారు. పదిహేనేళ్ల వయసునుంచే మరియెట్టా ట్యూషన్లు చెప్పింది. 1903లోనే ఆమె కవిత అచ్చయింది. ఆ తరవాత రాస్తోవ్ వైపు పత్రికలకి, మాస్కో పత్రికలకి కవితలు, వ్యాసాలు, సమీక్షలు రాస్తూ వచ్చింది. సరదాకి రాసినవి కావవి. పొట్టకూటికి రాసినవి. కలం పట్టుకుంటే నాలుగు డబ్బులు వస్తాయన్న సంగతి ఆమెకి చిన్నప్పుడే అర్థమైంది. ఆ అలవాటు జీవితాంతం పోలేదు.

యూనివర్సిటీ గుమ్మం బయట

అప్పటి రష్యాలో ఆడవాళ్లకి యూనివర్సిటీలో సీటు లేదు. మగపిల్లలు దర్జాగా నడిచివెళ్లే గుమ్మం, ఆడపిల్లలకి మూసి ఉండేది. దానికి విరుగుడుగా గెర్యె అనే చరిత్ర ప్రొఫెసరు 1872లో మాస్కోలో ఆడవాళ్లకోసం పై చదువుల తరగతులు పెట్టాడు. మధ్యలో ప్రభుత్వం వాటిని మూయించింది. 1900లో మళ్లీ తెరిచారు. మరియెట్టా చేరింది అందులోనే. చరిత్ర, తత్వశాస్త్రం చదివి 1912లో పూర్తిచేసింది.

చెవుడున్న అమ్మాయి క్లాసులో లెక్చరు వినడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. వినలేనిది చదివి పట్టుకోవాలి. అందుకే లైబ్రరీ ఆమెకి రెండో ఇల్లయింది. పాత కాగితాల్లో తలదూర్చి నిజం వెతకడం అక్కడే అలవాటైంది. ముందుముందు ఆమెని చిక్కుల్లో పడేసిందీ, పేరు తెచ్చిందీ ఈ అలవాటే.

1909లో మొదటి కవితల పుస్తకం వచ్చింది. 1913లో 'ఓరియెంటాలియా' అనే రెండోది. ఈ పుస్తకం ఆమెని ఒక్కసారిగా నలుగురి నోళ్లలో నానేలా చేసింది. మళ్లీమళ్లీ అచ్చువేశారు. మధ్యలో కొంతకాలం పీటర్స్‌బర్గ్ వెళ్లి, అప్పట్లో పెద్ద పేరున్న కవయిత్రి జినైదా గిప్పియస్ బృందంలో తిరిగింది. ఆమెంటే మరియెట్టాకి ఆరాధన. కానీ ఎవరి నీడలోనూ ఎక్కువకాలం ఉండే మనిషి కాదు. బయటికొచ్చేసింది.

1914లో జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో ఉంది. గేటే అంటే ప్రాణం. ఆయన ఉన్న ఊరు వైమార్ చూడాలని కాలినడకన బయల్దేరింది. మనవాళ్లు తిరుపతికి నడిచి వెళ్లినట్టే అనుకోండి! ఆ ప్రయాణంలో ఉండగానే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. నిన్నటిదాకా అతిథి, తెల్లారేసరికి శత్రుదేశస్థురాలు. ఆ అనుభవమే తరవాత 'వైమార్ ప్రయాణం' పుస్తకమయింది.

పెళ్లి, పాప, నేత బడి

యుద్ధకాలంలో మళ్లీ రాస్తోవ్, నఖిచెవాన్‌లకే చేరింది. రాస్తోవ్ సంగీత కళాశాలలో కళల చరిత్ర బోధించింది. 1917లో యాకోవ్ ఖచత్ర్యాన్ అనే ఆర్మేనియన్ భాషా పండితుణ్ణి పెళ్లి చేసుకుంది. ఆయన అనువాదకుడు కూడా. మరుసటి ఏడు కూతురు పుట్టింది, పేరు మిరేల్. ఆ పాప పెద్దయ్యాక పేరున్న చిత్రకారిణి అయి, నిండు నూరేళ్లకి కాస్త తక్కువగా బతికి 2012లో కన్నుమూసింది.

1917 చివర్లో రఖ్మానినోవ్ దేశం విడిచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. 'రె'కి ఆయన రాసిన ఉత్తరాలు మాత్రం ఆమె దగ్గర భద్రంగా ఉండిపోయాయి. ఈ రోజు ఆయన జీవితం రాసేవాళ్లెవరైనా ఆ ఉత్తరాలు చూడకుండా ముందుకి పోలేరు.

పాప ఒడిలో ఉన్న రోజుల్లోనే బయట అంతర్యుద్ధం. ఈ వారం తెల్లసైన్యం, వచ్చే వారం ఎర్రసైన్యం. ఊరు చేతులు మారుతూనే ఉండేది. రొట్టె దొరకదు, కట్టెలు దొరకవు. చాలామంది రచయితలు విదేశాలకి వెళ్లిపోయారు. మరియెట్టా వెళ్లలేదు. విప్లవం మంచే చేస్తుందని గట్టిగా నమ్మింది.

నమ్మి ఊరుకోలేదు. 1920లో నఖిచెవాన్‌లో నూలు వడకడం, నేత నేర్పే బడి ఒకటి పెట్టి నడిపింది. గేటే, కాంట్ చదువుకున్న కవయిత్రి, దారం తెగితే ముడి ఎలా వెయ్యాలో నేర్చుకుని పిల్లలకి నేర్పింది. పుస్తకం చదివిన చెయ్యి రాట్నం తిప్పితే చిన్నతనమేమీ కాదని ఆమె నమ్మకం. వస్తువు ఎలా తయారవుతుంది, ఎవరి చేతుల్లో తయారవుతుంది అన్న ఆసక్తి అప్పుడు పట్టుకున్నదే. దాన్ని ఆ తరవాత రాసిన ప్రతి పుస్తకంలోనూ చూడొచ్చు.

అమెరికా చూడని జిమ్ డాలర్

కొద్ది రోజులకే పెట్రోగ్రాడ్ చేరింది. ఆకలితో ఉన్న రచయితలకి తలదాచుకోవడానికి గోర్కీ చొరవతో ఏర్పడిన 'కళాభవనం' అక్కడ ఉండేది. గోర్కీ అంటే మన తెలుగిళ్లకి 'అమ్మ' నవలతో పరిచయమైన ఆయనే. మరియెట్టా అక్కడ ఉంటూ పత్రికలకి విలేకరిగా పనిచేసింది.

1924లో పెట్రోగ్రాడ్, మాస్కో పుస్తకాల షాపుల్లో ఒక వింత నవల ప్రత్యక్షమైంది. పేరు 'మెస్-మెండ్, లేక పెట్రోగ్రాడ్‌లో యాంకీలు'. రాసినవాడు జిమ్ డాలర్ అనే అమెరికన్ కార్మికుడట! ముందుమాటలో అతగాడి జీవిత చరిత్ర కూడా ఉంది. పది చిన్న భాగాలుగా, వరసగా వచ్చింది. అట్టలమీద రాద్చెంకో అనే కళాకారుడు ఫోటోలు కత్తిరించి అతికించి చేసిన బొమ్మలు. జనం ఎగబడి కొన్నారు.

కథేమిటంటే, అమెరికాలో కార్మికులంతా ఒక రహస్య సంఘం. తాము తయారుచేసే ప్రతి వస్తువులోనూ ఒక గుర్తు పెడతారు. తాళమైనా, గోడైనా, అద్దమైనా... ఆ గుర్తు తెలిసినవాడి మాట వింటుంది. యజమాని తాళం వేసుకుని నిశ్చింతగా పడుకుంటాడు, తాళం చేసినవాడికి మాత్రం తలుపు తెరుచుకుంటుంది! కొత్త రష్యామీద డబ్బున్నవాళ్లు పన్నిన కుట్రని ఈ కార్మికులు ఎలా భగ్నం చేశారన్నదే కథ. 1926లో సినిమాగా కూడా తీశారు.

ఆ జిమ్ డాలర్ ఎవరా అని పాఠకులు జుట్టు పీక్కుంటుంటే, అతను ఎన్నడూ అమెరికా గడప తొక్కని మరియెట్టా షాగిన్యాన్ అని తరవాత తెలిసింది. ఒక ఆడమనిషి, అందులోనూ గంభీరమైన కవయిత్రి, ఉత్కంఠతో ఊపిరాడనివ్వని డిటెక్టివ్ నవల రాసిందంటే ఎవరూ నమ్మలేకపోయారు. సీరియళ్లు వారంవారం ఎదురుచూసి చదివిన మన పాఠకురాళ్లకి ఆ సరదా వేరే చెప్పక్కర్లేదు.

కట్టడం దగ్గర కాపురం

అలాంటి నవలలే మరో పది రాసి హాయిగా ఉండొచ్చు. ఆవిడ అలా చెయ్యలేదు. 1920ల చివర్లో ఆర్మేనియా కొండల్లోకి వెళ్లింది. అక్కడ జోరాగెట్ అనే చోట జలవిద్యుత్ కేంద్రం కడుతున్నారు. నాలుగు రోజులు చూసి, ఇంజనీర్లతో మాట్లాడి, ఇంటికొచ్చి రాసుకోవచ్చు కదా! ఆమె అలా కాక ఆ పరిసరాల్లోనే ఏళ్ల తరబడి ఉండిపోయింది. నీటి లెక్కలు, కాంక్రీటు లెక్కలు, కొండరాళ్ల రకాలు... అన్నీ నేర్చుకుంది. కూలీలతో కలిసి తిరిగింది.

అలా పుట్టిన నవల 'హైడ్రోసెంట్రల్'. 1930-31లో పత్రికలో వచ్చింది. నిర్మాణం నవలలు అప్పట్లో కుప్పలుతెప్పలుగా వచ్చాయి. చాలావాటిలో మంచివాడు, చెడ్డవాడు, చివర్లో జెండా. అంతే సంగతులు. ఈ నవల మాత్రం నిలబడింది. వరదకి వంతెన కొట్టుకుపోవడం, తప్పు ఎవరిదన్న తగువు, ఆఫీసు కాగితాల చిక్కులు, పని తెలిసిన మనిషికీ పెత్తనం చేసే మనిషికీ మధ్య గొడవ... ఇవన్నీ దగ్గర్నుంచి చూసిన కంటికే కనిపిస్తాయి.

అంతటితోనూ ఆగలేదు. నలభై దాటాక మళ్లీ విద్యార్థిని అయింది. మాస్కోలో ప్రణాళికా సంఘం వారి అకాడమీలో చేరి ఇంధనం, ఖనిజాలు, నూలు పరిశ్రమ గురించి చదువుకుంది. ఆ వయసులో మనం పిల్లల చదువుల గురించే తప్ప మన చదువు గురించి ఆలోచించం కదా!

నాయనమ్మ తెచ్చిన తంటా

ఇంతవరకూ కథ బాగానే ఉంది. ఇక్కణ్ణుంచి బతుకు కత్తిమీద సాము.

1930ల్లో స్టాలిన్ పాలనలో రచయితలందరినీ ఒకే సంఘం కిందకి తెచ్చారు. మరియెట్టా ఆ సంఘం పాలకవర్గంలో సభ్యురాలు. 1936లో ఆ సంఘంతో విసిగి రాజీనామా ఇచ్చింది. ఆ రోజుల్లో అలాంటి పని ఎవరూ చెయ్యరు. పెద్దలు విరుచుకుపడ్డారు. చివరికి తప్పయిందని ఒప్పుకుని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆర్మేనియా మహాకవి చరెంత్స్ జైల్లో చనిపోయాడు. ఇంకా ఎందరో రచయితలు మాయమయ్యారు. ఆ భయం ఏ స్థాయిదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

సరిగ్గా అప్పుడే ఆమె లెనిన్ కుటుంబం గురించి నవల రాస్తోంది. లెనిన్ పుట్టుకకి ముందు ఆ ఇల్లు ఎలా ఉండేది? స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన తండ్రి ఎలాంటివాడు? తల్లి ఎలాంటిది? మామూలుగా అయితే అందరూ చెప్పే నాలుగు మాటలూ కలిపి రాసేస్తే చాలు. మరియెట్టా పాత రికార్డులు తిరగేసింది. లెనిన్ తండ్రివైపు పూర్వీకుల్లో కల్మిక్ జాతివాళ్లున్నారని ఆమెకి తెలిసింది. అంటే లెనిన్ నాయనమ్మది ఆసియా నుంచి వచ్చిన బౌద్ధజాతి రక్తమన్నమాట. ఇందులో దాచాల్సిందేముంది? అన్ని జాతులూ సమానమనే దేశం కదా! అనుకుంది. రాసేసింది.

1938లో 'చరిత్ర టిక్కెట్టు' పేరుతో ఆ నవల మొదటి భాగం వచ్చింది. ఆగస్టులో పార్టీ అత్యున్నత సంఘం తీర్మానం చేసి దాన్ని నిషేధించింది. రచయితల సంఘం ఆమెని మందలించింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ రాతప్రతిని చదివి ఆపకుండా ఊరుకున్నందుకు స్వయంగా లెనిన్ భార్య క్రుప్‌స్కయాని కూడా తప్పుపట్టారు. భర్త గురించి భార్యకి తెలిసింది కూడా పార్టీ అనుమతి లేకుండా చెప్పకూడదన్నమాట! మరి కొన్ని నెలలకే, 1939 ఫిబ్రవరిలో క్రుప్‌స్కయా కన్నుమూసింది.

ఒక ముసలావిడ ఏ జాతి మనిషి అన్నది రాసినందుకు, ఒక పుస్తకం పద్దెనిమిదేళ్లు బయటికి రాలేదు. స్టాలిన్ పోయాక, 1956లో ఆ తీర్మానం తప్పని పార్టీయే రద్దు చేసింది. పుస్తకం మళ్లీ అచ్చయింది.

ఆ పద్దెనిమిదేళ్లూ మరియెట్టా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఉక్రెయిన్ కవి షెవ్‌చెంకో మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందింది. 1941లో హిట్లర్ సైన్యాలు వచ్చినప్పుడు ఆమెకి యాభైమూడేళ్లు. 'ప్రావ్దా' పత్రిక విలేకరిగా ఉరల్ ప్రాంతానికి వెళ్లి, ఫ్యాక్టరీలు తిరిగి, యుద్ధసామగ్రి తయారుచేస్తున్న మనుషుల గురించి రాసింది. 1942లో పార్టీలో చేరింది. 1950లో 'సోవియట్ ఆర్మేనియా యాత్ర' పుస్తకం వచ్చింది. దానికి మరుసటి ఏడు స్టాలిన్ బహుమతి ఇచ్చారు. ఒక పుస్తకాన్ని తొక్కిపెట్టిన చేత్తోనే మరో పుస్తకానికి బహుమతి! తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది అనేవాళ్లూ ఉన్నారు, తీసుకోకుండా ఉండాల్సింది అనేవాళ్లూ ఉన్నారు.

చెవి మిషను

వయసు పెరిగేకొద్దీ చెవులు పూర్తిగా మొరాయించాయి. మిషను పెట్టుకుంటే తప్ప వినిపించేది కాదు. ఆ మిషను మీద రచయితల మధ్య బోలెడు జోకులు పుట్టాయి. మీటింగులో ఎవరైనా తనని విమర్శించడం మొదలుపెడితే ఆవిడ మిషను ఆపేసి కూర్చుంటుందని చెప్పుకునేవారు. ఉక్కులాంటి ముసలమ్మ అని ఆటపట్టిస్తూ పద్యాలు కట్టారు. ఒళ్లు చిన్నది, గొంతు పెద్దది, మొండితనం ఇంకా పెద్దది.

కానీ ఆ మిషనుతోనే కచేరీలకి వెళ్లేది. షోస్టకోవిచ్ లాంటి మహా సంగీతకారుడితో స్నేహం, ఉత్తర ప్రత్యుత్తరాలు. ఆయన సంగీతం గురించి వ్యాసాలు రాసింది. ఇరవైనాలుగేళ్ల వయసులో రఖ్మానినోవ్, అరవై దాటాక కూడా సంగీతమే. వినికిడి పోయినా వినాలన్న కోరిక పోలేదు.

1960లో భర్త పోయాడు. ఆ దుఃఖంలోంచి ఆమెని పని బయటపడేసింది. జోసెఫ్ మిస్లివెచెక్ అనే చెక్ సంగీతకారుడు రెండు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక వెలుగు వెలిగాడు. కుర్రవాడైన మొజార్ట్‌కి స్నేహితుడు. చివరికి జబ్బుతో ముఖం పాడై, పేదరికంలో 1781లో రోమ్‌లో చనిపోయాడు. లోకం మర్చిపోయింది. డెబ్భయ్యేళ్లు దాటిన మరియెట్టా అతని జాడ వెతుక్కుంటూ చెకొస్లొవేకియా, ఇటలీ దేశాల లైబ్రరీలు, చర్చీ రికార్డులు గాలించింది. 1964లో పుస్తకం తెచ్చింది. పేరు 'మృతుల్లోంచి పునరుత్థానం'. సరిగా వినలేని ముసలావిడ, అందరూ వినడం మానేసిన సంగీతకారుణ్ణి మళ్లీ లోకానికి వినిపించింది!

మళ్లీ అదే గుమ్మం

లెనిన్ కుటుంబం పని మాత్రం వదల్లేదు. ఒకటి రెండు కాదు, నాలుగు పుస్తకాలయ్యాయి. 1960ల్లో లెనిన్ తల్లివైపు తాతగారు యూదు కుటుంబంలో పుట్టినవాడన్న ఆధారాలు పరిశోధకుల చేతికి వచ్చాయి. ఆ సంగతి ఆమెదాకా వచ్చింది. ఈసారి అధికారులు ముందే అడ్డుపడ్డారు. ఆ నిజం అచ్చులోకి రాలేదు. సోవియట్ యూనియన్ చివరి రోజుల్లోగానీ జనానికి తెలియలేదు. మరియెట్టా అప్పటికి లేదు.

1972లో ఆ నాలుగు పుస్తకాలకీ కలిపి లెనిన్ బహుమతి ఇచ్చారు. 1976లో సోషలిస్టు శ్రమ వీరురాలు అనే బిరుదు ఇచ్చారు. అప్పటికి ఎనభైఎనిమిదేళ్లు. ఆవిడ మాత్రం ఆత్మకథ రాయడంలో ములిగి ఉంది. చూపు మందగించినా ఆపలేదు. 'మనిషి, కాలం' అనే ఆ పుస్తకాన్ని 1978లో, తొంభయ్యో ఏట పూర్తిచేసింది. చిన్ననాటి మాస్కో ఇల్లు, తండ్రి, చెల్లెలు, గెర్యె తరగతులు, పీటర్స్‌బర్గ్ కవులు... అన్నీ అందులో ఉన్నాయి.

1982 మార్చి 20న మాస్కోలో కన్నుమూసింది. మరో పదమూడు రోజులుంటే తొంభైనాలుగు నిండేవి. ఆకాశంలో ఒక చిన్న గ్రహశకలానికి 'మరియెట్టా' అని ఆమె పేరు పెట్టారు.

ఎలా తూచాలి?

ఆమె జీవితాన్ని ఒక్కమాటలో తేల్చలేం. అధికారాన్ని నమ్మింది, పొగిడింది. తోటివాళ్లు జైళ్లకి పోతున్నప్పుడు నోరు మెదపలేదు. దాన్ని కప్పిపుచ్చడం సరికాదు. సోవియట్ యూనియన్ పోయాక, ఆ రాజ్యంతోపాటే ఆమె రాసిన చాలా పుస్తకాలూ మూలపడ్డాయి. ఈరోజు రష్యాలో ఎక్కువమంది ఇష్టంగా చదివేది లెనిన్ పుస్తకాలు కావు. సరదాగా రాసిన 'మెస్-మెండ్', ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాలు. రచయిత ఏది గొప్పదనుకుంటుందో పాఠకులు అదే దాచుకుంటారన్న హామీ లేదు.

కానీ ఇంకో మాటా చెప్పుకోవాలి. రాసేది దేనిగురించైనా, అక్కడికి వెళ్లి చూసి, నేర్చుకుని, కాగితం తిరగేసి రాసింది. ఎంత నమ్మిన నాయకుడి గురించైనా సరే, రికార్డులో ఉన్నది రికార్డులో ఉన్నట్టు చెప్పింది. ఆ ఒక్క పట్టుదలకే చీవాట్లు తిన్నది. అది భయంతో వంగి ఉన్న రోజుల్లో ఒక ఆడమనిషి చేసిన పని అని గుర్తుంచుకోవాలి.

నేత బడి పెట్టినప్పుడు ముప్ఫైరెండు. అకాడమీలో చేరినప్పుడు నలభై దాటింది. ఇటలీ లైబ్రరీల్లో దుమ్ము దులిపినప్పుడు డెబ్భై దాటింది. ఏ వయసులోనూ ఆవిడ ఇంక నాకెందుకులే అనుకోలేదు. ఇంటి పనులూ, పిల్లల పరీక్షలూ అయ్యాక ఎప్పుడో తీరిక దొరుకుతుందని అటకమీద పెట్టేసిన సంగీతం పుస్తకమో, సగంలో ఆపేసిన డిగ్రీయో మనలో చాలామంది ఇళ్లల్లో ఉంటుంది. దాన్ని ఒకసారి కిందికి దించి దుమ్ము దులపండి. రఖ్మానినోవ్‌కి ఉత్తరం రాసిన ఆ అమ్మాయి కూడా ఒక్క 'రె'తోనే మొదలుపెట్టింది మరి!